అమ్మలు మారలేదు

పచ్చడిబండ ఇంకా పుణ్యవతి చేతిలోనే ఉంది.

రామ్మోహనరావు ఫ్రిజ్‌కి వీపు ఆనించి నేలమీద కూలబడ్డాడు. ఎడమ కనుబొమ్మ చీలి, నెత్తురు ముక్కు పక్కగా మీసంలోకి దిగుతోంది. ఆయన తుడుచుకోలేదు. అరచేతిలోకి తీసుకుని చూసుకున్నాడు. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆ ఇంట్లో ఆయన నెత్తురు కారడం ఇదే మొదటిసారి.

"కొట్టావు," అన్నాడు. నమ్మకం కుదరక మళ్లీ అన్నాడు. "నువ్వు, నన్ను, కొట్టావు."

 పుణ్యవతి ఆయన్నుంచి కళ్లు తిప్పలేదు.

హాల్లో టీవీ మోగుతోంది. "అమ్మలు మారలేదు. మనమే మారాం. తాటాకిల్లు మసాలాలు!"

ఆ చప్పుడు మధ్యలోంచి కోడలు రసజ్ఞ పరిగెత్తుకొచ్చింది. ఇంటినుంచే పని చేస్తోంది కాబట్టి ఆఫీసు మీటింగు మధ్యలోంచి లేచి వచ్చింది. వైరు లేని హెడ్‌సెట్ మెడలో వేలాడుతోంది. స్నానాలగదిలోంచి కొడుకు బాలు వచ్చాడు. సగం గడ్డం గీసుకున్నాడు, మిగతా సగం మీద నురగ.

"అత్తయ్యా! ఏంటిది?"

"నాన్నా, జారిపడ్డారా?"

"జారడమేమిట్రా. మీ అమ్మ పడేసింది."

బాలు తండ్రి నుదురు చూశాడు. తరవాత గోడ గడియారం చూశాడు.

"సాయంత్రం ఐదింటికి లైవ్ కదా, నాన్నా! ఈ మొహంతో ఎలా?"

రసజ్ఞ మొగుడి వంక తిరిగింది. "మనిషికి రక్తం కారుతుంటే నీకు లైవా?"

"నువ్వు ఆగు. నీకు అర్థం కాదు."

రసజ్ఞకి బాగానే అర్థమైంది. మాదాపూర్‌లోని యాడ్ ఏజెన్సీలో బాలు క్రియేటివ్ హెడ్. తాటాకిల్లు మసాలాల యాడ్ అతను రాసిందే. తణుకు క్వార్టర్సులో తన చిన్నప్పటి ఇల్లు, తన అమ్మ, తన నాన్న. అది టీవీలో పడ్డ దగ్గర్నుంచి జనం ఫోన్లలో ఒకరికొకరు పంపుకుని ఏడుస్తున్నారు. ఈ సాయంత్రం హైటెక్ సిటీ హోటల్లో 'ఆ యాడ్ వెనక అసలు అమ్మానాన్న' అని ఇద్దర్నీ స్టేజీ మీద కూర్చోబెడతారు. పుణ్యవతి మైకు పట్టుకుని ఒకటే మాట అనాలి. "ఆయన తిన్నాకే నేను తింటాను. అందులోనే నా కడుపు నిండుతుంది."

"ఏం జరిగింది మామయ్యగారూ?"

"ఏమీ జరగలేదమ్మా." రామ్మోహనరావు డైనింగ్ టేబుల్ వైపు చెయ్యి చూపించాడు. దానిమీద కంపెనీవాళ్లు పంపిన పట్టుచీర, మోచేతులు దాటే పొడుగు చేతుల జాకెట్టు. "తొడుక్కుని చూపించవే అన్నాను. తొడుక్కోను అంది. చెయ్యెత్తాను. అంతే."

ఆ 'చెయ్యెత్తాను' అన్నమాట మంచినీళ్లు తాగాను అన్నంత మామూలుగా వచ్చింది.

బాలు తల్లి దగ్గరికి వెళ్లాడు. గొంతు తగ్గించాడు. క్లయింట్లతో మాట్లాడే గొంతు.

"అమ్మా, ఎందుకే ఈ రాద్ధాంతం? యాడ్‌లో అందరికీ నచ్చింది ఆ జాకెట్టే. ఎండాకాలంలో కూడా నువ్వు పొడుగు చేతులే వేసుకునేదానివి. నాకది ఎంత గుర్తో. మా స్టయిలిస్టుకి నేనే బొమ్మ గీసిచ్చాను."

"ఎందుకు వేసుకునేదాన్నో కూడా గీశావా?"

పుణ్యవతి పచ్చడిబండ ఎడమచేతిలోకి మార్చుకుంది. ఎడమ భుజం మీది పమిట పక్కకి జరిపింది. జాకెట్టు చెయ్యిని పైకి, భుజందాకా లాగింది.

అట్లకాడ చివర ఎంత వెడల్పుంటుందో అంత వెడల్పు మచ్చలు. ఒకదాని పక్కన ఒకటి. పాతబడి తెల్లగా మెరుస్తున్నాయి.

రసజ్ఞ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వంట చేసేటప్పుడు కాలినవేమో..." బాలు నసిగాడు.

"వంట చేసేటప్పుడే. వండింది నేను. కాల్చింది ఆయన."

"అబ్బ, పాతవన్నీ ఇప్పుడెందుకు?" రామ్మోహనరావు విసుక్కున్నాడు. "ఆ రోజుల్లో ఏ ఇంట్లో లేదు? ఓ దెబ్బ వేసేవాళ్లం, ఓ చీర కొనిపెట్టేవాళ్లం. కాపురాలు నిలబడ్డాయా లేదా? కట్టు కట్టమ్మా రసజ్ఞా, మచ్చ కనపడకూడదు."

టీవీలో యాడ్ మళ్లీ మొదలైంది. ఈసారి నలుగురూ చూశారు.

వాకిట్లో సైకిల్ ఆగింది. నాన్న వంటింట్లోకి వెళ్లాడు. వసారాలో కూర్చున్న పిల్లాడు పరిగెత్తి రేడియో సౌండు పెంచాడు. పాట. తలుపు వెనకనుంచి గాజుల గలగల. పిల్లాడు సిగ్గుగా నవ్వాడు. తరవాత అమ్మ విసనకర్రతో వచ్చి నాన్న కంచం పక్కన కూర్చుంది.

ఆ గాజుల చప్పుడు దగ్గరే రాష్ట్రమంతా కళ్లు తుడుచుకుంది.

"అవి గాజులు పగిలిన చప్పుడురా," అంది పుణ్యవతి.

బాలు టీవీ వంక తిరిగాడు.

"క్వార్టర్సులో గోడలు పలచన. పక్కింటివాళ్లు వింటారని మీ నాన్న కేకేసేవారు, రేడియో పెంచరా అని. నువ్వు పెంచేవాడివి. చిన్నపిల్లాడు, పాట కోసం పెంచుతున్నాడులే అనుకునేదాన్ని. వీడికేం తెలీదు, వీడి మనసు బాగానే ఉంది, అనుకుని బతికాను." ఆవిడ టీవీ వైపు చెయ్యి చూపించింది. "యాడ్ చూశాక తెలిసింది. నీకన్నీ గుర్తున్నాయి. సైకిలు, రేడియో, జాకెట్టు. ఒక్క నా ఏడుపు తీసేసి మిగతాదంతా అమ్ముకున్నావు."

"అమ్మా, అలా కాదు..."

"నేను రాను. ఆ మాట అనను."

రామ్మోహనరావు లేచాడు.

అరవై ఏడేళ్ల మనిషి అంత వేగంగా లేస్తాడని రసజ్ఞ అనుకోలేదు. ఆయన చెయ్యి నేరుగా వెళ్లి పుణ్యవతి ముడి పట్టుకుంది. ఎక్కడ పట్టుకోవాలో ఆ చేతికి అలవాటు. ఒక్క గుంజుడు. ఆవిడ తల గ్రానైట్ గట్టుకి తగిలింది. పచ్చడిబండ జారి టేబుల్ కిందికి దొర్లింది.

"ఎంత పొగరే! కొడుకు నలుగురిలో తలెత్తుకుంటుంటే ఓర్వలేవుటే!"

ఇంకోసారి గుంజాడు. గట్టు మీది స్టీలు గిన్నెలు కింద పడి చెల్లాచెదురయ్యాయి. పుణ్యవతి అరవలేదు. అరవకుండా ఉండటం ఆవిడకి అంత బాగా అలవాటయింది.

అరిచింది రసజ్ఞ. "వదలండి! వదలండి ఆవిణ్ణి!" ఆయన మణికట్టు పట్టుకుని లాగింది. లాభం లేకపోయింది. వంగి కొరికింది. ఆయన బూతు మాట అని చెయ్యి వదిలేశాడు. రసజ్ఞ ఫోన్ తీసింది.

"హండ్రెడ్‌కి చేస్తున్నాను."

"రసా, ఫోన్ ఇటివ్వు," అన్నాడు బాలు.

"ఇవ్వను."

"ఇవాళ కాదు రసా. రేపు ఏం చేసుకుంటావో చేసుకో. ఇవాళ మాత్రం వద్దు."

"రేపటిదాకా ఆవిడ బతికుండాలిగా!"

బాలు ఆమె చెయ్యి పట్టుకుని మెలిపెట్టాడు. ఫోన్ నేల మీద పడింది. ఆమె వంగబోయింది. అతని చెయ్యి వెనక్కి తిరిగి వచ్చి చెంప మీద పడింది. ఆమె మొహం పక్కకి తిరిగి గుమ్మం అంచుకి కొట్టుకుంది. పెదవి పగిలింది. అతని గడ్డం మీది నురగ కాస్త ఆమె భుజాన అంటుకుంది.



రామ్మోహనరావు చాలా మామూలుగా అన్నాడు. "టీవీ సౌండ్ పెంచరా. పక్క ఫ్లాటువాళ్లు వింటారు."

బాలు చెయ్యి రిమోట్ తీసుకుంది. బొటనవేలు నొక్కింది. ఏదో టీపొడి యాడ్ ఇల్లంతా మోగిపోయింది. అప్పుడు అతను తన చేతిని చూసుకున్నాడు.

పుణ్యవతి కూడా చూసింది. ఇంకేమీ అనలేదు. కోడలి చెయ్యి పట్టుకుని పడగ్గదిలోకి లాగింది. తలుపు మూసి గడియ వేసింది.

*

"బాలు నిన్ను కొట్టడం ఇదే మొదటిసారా?"

రసజ్ఞ మంచం అంచున కూర్చుని దుప్పటితో పెదవి ఒత్తుకుంటోంది. 

"గట్టిగా కొట్టడం ఇదే మొదటిసారి అత్తయ్యా."

పుణ్యవతి కళ్లు మూసుకుంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు మాత్రం నాతో చెప్పారా?" అంది రసజ్ఞ కోపంగా. "పండక్కి కూడా పొడుగు చేతులు వేసుకుంటారని మా అమ్మతో చెప్పి నవ్వాను. నవ్వానండీ! ఒక్క మాట చెప్పుంటే..."

"చెప్తే ఈ పెళ్లి చేసుకునేదానివా?"

"చేసుకునేదాన్ని కాదు!"

"అందుకే చెప్పలేదు."

రసజ్ఞ ఆవిడ వంక చూస్తుండిపోయింది. ఆ చూపులో జాలి కన్నా కోపమే ఎక్కువ ఉంది. పుణ్యవతి ఆ చూపు భరించింది.

తలుపు మీద దెబ్బ పడింది. "అమ్మా! తలుపు తియ్యి!"

అప్పుడే రసజ్ఞ మెడ దగ్గరనుంచి ఒక సన్నని గొంతు వినపడింది.

"రసజ్ఞా. రసజ్ఞా, ఇంటున్నవా?"

రసజ్ఞ ఉలిక్కిపడి హెడ్‌సెట్ చెవికి పెట్టుకుంది. బల్లమీద ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. కంగారులో లేచినప్పుడు మైకు ఆపడం మర్చిపోయింది. మాట్లాడుతున్నది జ్యోత్స్న, ఆమె మేనేజరు.

"నీ మైక్ బంద్ కాలే. మొదట టీవీ లొల్లిల ఏం సమజ్ కాలే. గిన్నెలు పడ్డ కాడికెల్లి అన్నీ విన్నం. టీమ్ మొత్తాన్ని కాల్‌లకెల్లి తీసేసిన, ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్న. హండ్రెడ్‌కి ఫోన్ చేసి నీ అడ్రస్ చెప్పిన. బండి బయల్దేరింది. జర ధైర్యంగుండు. తలుపు మాత్రం తియ్యకు."

పక్క ఫ్లాటు వినకూడదని టీవీ పెంచారు. రాయదుర్గంలో ఆఫీసు మొత్తం విన్నది.

"పోలీసులు వస్తున్నారు!" రసజ్ఞ తలుపు వైపు అరిచింది. "విన్నావా బాలూ? బయల్దేరారు!"

బయట దెబ్బలు ఆగాయి. టీవీ కూడా ఆగింది.

కొంతసేపటికి రామ్మోహనరావు గొంతు తలుపుకి బాగా దగ్గరగా వినిపించింది. కోపం లేదు. కాగితం చదువుతున్నట్టు ఉంది.

"రానీ. వచ్చి ఏం చూస్తారు పుణ్యవతీ? నీ ఒంటి మీదవి పాతికేళ్ల నాటి మచ్చలు. నా నుదుటి మీద ఇవాళ్టి నెత్తురు. బండ మీద నీ వేలిముద్రలు. ఎవర్ని తీసుకెళ్తారంటావ్?"

పుణ్యవతి గడియ మీద చెయ్యి వేసి పట్టుకుంది.

"సాయంత్రం నా పక్కన కూర్చుని ఆ ఒక్క మాట అను. జారిపడ్డానని చెప్తాను. అననంటావా, చంపబోయిందని చెప్తాను. ఈ వయసులో జైలు కూడు తింటావు. నీ ఇష్టం."

"నమ్మకండి అత్తయ్యా. నేను సాక్ష్యం చెప్తాను."

"బండతో కొట్టినప్పుడు నువ్వు చూశావా?"

రసజ్ఞ చూడలేదు. తను వంటింట్లోకి రాకముందు ఏం జరిగిందో ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు.

కాలింగ్ బెల్ మోగింది.

*

వచ్చింది పోలీసులు కాదు. మహేశ్. ఏజెన్సీలో ప్రొడక్షన్ మేనేజరు. షూటింగుల్లో ఏనుగు కావాలన్నా తెచ్చి నిలబెట్టే మనిషి. వీళ్లని హోటలుకి తీసుకెళ్లడానికి కారుతో వచ్చాడు.

"అన్నా, రిహార్సల్ ఉంది, జల్ది నడువుండ్రి..." అంటూ లోపలికి వచ్చి ఆగిపోయాడు. "అయ్యో, అంకుల్‌కేమైంది?"

"జారిపడ్డారు," అన్నాడు బాలు.

"ఎడమ దిక్కా? ఫికర్ లేదు. అంకుల్‌ని ఎడమ దిక్కు కూసోబెట్టి కెమెరా కుడి దిక్కు పెట్టిస్త. మిగిలింది మేకప్ చూస్కుంటది." మాట్లాడుతూనే అతని కళ్లు నేల మీది గిన్నెల మీదికి, వాటి మధ్యలో పడి ఉన్న జుట్టు పాయ మీదికి వెళ్లాయి. గొంతు నెమ్మదించింది. "అమ్మ యాడున్నరన్నా?"

"లోపల. తయారవుతోంది."

"మరి నువ్వు తలుపు మీద భుజం పెట్టినవేంది?"

 బాలు వెనక్కి రెండడుగులు వేసి పడగ్గది తలుపుని గుద్దాడు.

"అన్నా, జర ఆగు! ఏం చేస్తున్నవ్?" మహేశ్ పట్టుకోబోయాడు. రామ్మోహనరావు అడ్డం నిలబడ్డాడు. "నీకెందుకయ్యా? ఇంటి విషయం."

ఇంకో గుద్దుకి గడియ ఊడి వచ్చింది. బాలు తలుపుతోపాటు లోపలికి పడ్డాడు. లేచి ముందు ల్యాప్‌టాప్ అందుకున్నాడు. నేలకేసి కొట్టాడు. కాలితో తొక్కాడు. జ్యోత్స్న గొంతు తెగిపోయింది. రసజ్ఞ అడ్డం వచ్చింది. ఆమెను తోసేశాడు. ఆమె మోకాలు మంచం కోడుకి తగిలి కూలబడింది.

అప్పుడు తల్లి రెండు భుజాలూ పట్టుకున్నాడు. ఆ మచ్చల మీదే వేళ్లు పడ్డాయి.

"ఒక్క మాటే అమ్మా! నాకోసం ఒక్క మాట అనలేవా? జనం నమ్మారే! మన ఇంటిని చూసి ఏడ్చారే! అబద్ధమని ఎలా చెప్పమంటావు?" అతను ఆమెను కుదుపుతున్నాడు. అతనే ఏడుస్తున్నాడు.

పుణ్యవతి కొడుకు మొహంలోకి చూసింది. "భుజాలు వదులు. నొప్పిగా ఉంది."

"ఏయ్! చేతులు తియ్!"

గుమ్మంలో ఎస్సై హర్షిణి. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. ఫ్లాటు తలుపు తీసింది మహేశ్. బెల్ మోగేదాకా కూడా ఆగలేదు, లిఫ్ట్ చప్పుడుకే తీశాడు.

బాలు చేతులు తీశాడు.

"ఎవరు కొట్టిన్రమ్మా నిన్ను?" హర్షిణి ముందు రసజ్ఞని అడిగింది.

"ఇతను. నా భర్త." రసజ్ఞ నేల మీదనుంచే చెప్పింది. పగిలిన పెదవితో ఆ రెండు మాటలూ స్పష్టంగా వచ్చాయి.

హర్షిణి తల ఊపింది. రామ్మోహనరావు వైపు తిరిగింది. "సార్, మీ తలకాయ?"

రామ్మోహనరావు భార్య వంక ఒక్క చూపు చూశాడు. బేరం గుర్తుచేసే చూపు. తరవాత నవ్వాడు.

"బాత్‌రూమ్‌లో జారానమ్మా. పెద్దవాళ్లం కదా. పిల్లలిద్దరూ ఏదో గొడవ పడ్డారు, మా ఆవిడ మధ్యలోకి వెళ్లింది. ఇంట్లో మామూలేగా. సాయంత్రం మాకు టీవీ ప్రోగ్రామ్ ఉంది. మీరు చూసే ఉంటారు, తాటాకిల్లు యాడ్. అది మా ఇల్లే."

ఒక కానిస్టేబుల్ మొహం విప్పారింది. "మేడం, అదే! రేడియో పెంచే పిల్లగాడు!"

దారి తెరుచుకుంది. పుణ్యవతి ఊరుకుంటే చాలు.

"ఆయన జారలేదు," అంది పుణ్యవతి. "నేనే కొట్టాను. పచ్చడిబండతో. టేబుల్ కింద ఉంది, తీసుకోండి."

"అత్తయ్యా!"

రామ్మోహనరావు నవ్వు మాయమైంది. "విన్నారుగా! రాసుకోండి. నన్ను చంపబోయింది. ఇంక నేను దాచేదేమీ లేదు."

"ఇప్పుడే జారిన అంటిరి?" హర్షిణి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. పుణ్యవతి దగ్గరికి వచ్చింది. "ఎందుకు కొట్టినవమ్మా?"

పుణ్యవతి భుజం మీది జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. "ఇందుకు. ఇవాళ మళ్లీ చెయ్యెత్తారు. ఈసారి పడలేకపోయాను."

"పాత మచ్చలు! పొయ్యి దగ్గర కాలినవి!" రామ్మోహనరావు అరిచాడు.

"ఎవరన్న చూసిన్రా అమ్మా, అప్పట్ల?"

పుణ్యవతి చెయ్యెత్తి కొడుకుని చూపించింది. "వీడు. ప్రతిసారీ గుమ్మం అవతలే ఉన్నాడు."

అందరూ బాలు వైపు తిరిగారు. గడ్డం మీది నురగ ఎండిపోయి తెల్లటి పొరలా ఊడుతోంది. అతను తండ్రిని చూశాడు. మహేశ్‌ని చూశాడు. మహేశ్ మొహంలో ఇంకా హోటలు, స్టేజీ, క్లయింటు ఉన్నాయేమో అని వెతికాడు. మహేశ్ తల పక్కకి తిప్పుకున్నాడు.

"చెప్పు బాబూ," అంది హర్షిణి. "మీ నాయన మీ అమ్మను కొట్టుడు చూసినవా?"

"లేదు," అన్నాడు బాలు.

రసజ్ఞ కళ్లు పెద్దవయ్యాయి. "ఇందాకే ఆవిడ తలని గట్టుకేసి కొట్టారు, నేను చూశాను!"

"మా నాన్న అమ్మ మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. మా ఇల్లు..." అతను గొంతు సవరించుకున్నాడు. "మా ఇల్లు ఆ యాడ్‌లో ఉన్నట్టే ఉండేది."

 హర్షిణి కానిస్టేబుళ్లకి చెప్పింది. "బండ సంచిల పెట్టుండ్రి. పెద్దాయనను దవాఖానకు పంపుండ్రి. ఈయనను జీపుల ఎక్కియ్యి, భార్యను కొట్టిండు. అమ్మా, నువ్వు కూడ స్టేషన్‌కి రావాలె. నువ్వే ఒప్పుకున్నవ్, నా చేతిల ఏం లేదు. నీ కోడలు చూసింది కూడ ఆడనే రాసుకుంట."

"పదండి," అంది పుణ్యవతి. కోడలికి చెయ్యి అందించి లేపింది. "నువ్వు కూడా రా. ఈ ఇంట్లో ఒక్క క్షణం ఉండకు."

వాళ్లు లిఫ్ట్ దగ్గరికి వెళ్లాక రామ్మోహనరావుకి ఏదో తట్టింది. నుదుటికి తువ్వాలు అదుముకుని వెనకే పరిగెత్తుకొచ్చాడు.

"ఎస్సై గారూ! ఐదింటికల్లా మా ఆవిణ్ణి వదిలేస్తారా? అక్కడ రెండు కుర్చీలు వేశారు. నేనొక్కణ్ణే కూర్చుంటే బాగుండదు."

హర్షిణి ఆయన వంక తిరిగి చూడనైనా లేదు.

పుణ్యవతి చూసింది. మొగుణ్ణి కాదు, ఆయన వెనక నిలబడ్డ మహేశ్‌ని.

"మహేశ్ బాబూ, అక్కడ మైకు నాకే ఇస్తారా?"

"అవునమ్మా," అన్నాడు మహేశ్ అర్థంకాక. "లైవ్. మధ్యల ఎవ్వరు ఆపరు."

"అయితే నా కుర్చీ తియ్యకండి. ఎస్సై గారు పక్కన నిలబడినా సరే, నేను వస్తాను."

కానిస్టేబుల్ పట్టులో ఉన్న బాలు ఒక్కసారిగా మెడ తిప్పాడు. "అమ్మా, వద్దు. అమ్మా!"

లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి.